మిషను వెనక రెండు బొట్లు

ఆ ఫ్యాను కింద కాదు, ఇటు నా పక్కకి జరిగి కూర్చోండి. ఆ చప్పుడులో నా మాట సగం కొట్టుకుపోతుంది. నేను చెప్పబోయేవి గొప్పలు కావు. ఒకే మిషను దగ్గర నలభై ఏళ్లు నిలబడినవాడికి గొప్పలు చాలానే ఉంటాయి. అవి కావాలంటే మా ఇంటావిడను అడగండి, ఆమెకు కంఠతా వచ్చు. ఇది నా తప్పు సంగతి. మీరు ఇప్పుడిప్పుడే పనుల్లో చేరుతున్నారు. రేపు మీ చేతి కిందికి కూడా ఎవరో ఒకరు పని నేర్చుకోవడానికి వస్తారు. అందుకని చెబుతున్నాను.

నేను చదివింది మూడో తరగతి. అదీ పూర్తిగా కాదు. అనంతపురం పాతూరులో ఒక అచ్చాపీసులో పనికి కుదిరాక గానీ నాకు అక్షరాలు పట్టుబడలేదు. సీసపు అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. నాకు ముందు వచ్చినవి ఆ తిరగబడ్డ అక్షరాలే. ఇప్పటికీ పేపరు చదవమంటే నీళ్లు నములుతాను, అచ్చు దిమ్మె చూపిస్తే గడగడా చదువుతాను.

మా మిషనును ట్రెడిల్ అనేవాళ్లం. మీలో ఎవరూ చూసి ఉండరు. రెండు ఇనప పలకలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదానికి అచ్చు బిగిస్తాం, రెండోదాని మీద కాగితం పెడతాం. మోటారు పక్కనున్న పెద్ద చక్రాన్ని తిప్పుతుంటే ఆ రెండూ చప్పట్లు కొట్టినట్టు కలిసి విడిపోతుంటాయి. విడిపోయిన ఆ కాస్త సందులోనే కుడిచేత్తో కొత్త కాగితం పెట్టాలి, ఎడమచేత్తో అచ్చయిన కాగితం తీయాలి. చెయ్యి తడబడిందా, అచ్చు కాగితం మీద కాదు, చేతి మీద పడుతుంది. మా ఉస్తాదుకు ఎడమచేతి రెండు వేళ్లు అట్లాగే పోయాయి.

ఆ ఉస్తాదు మూడు వేళ్లతోనే నాకు పనంతా నేర్పాడు. పనితో పాటు ఇంకో మాట కూడా నేర్పాడు. "అంతా చెప్పు, ఒక్కటి దాచుకో. అంతా చెప్పేసినావంటే రేపు నీ మొగం ఎవుడూ చూడడు." ఆయనా దాచాడు. కాగితం పెట్టే పలక మీద అడుగున ఎన్ని అట్ట పొరలు పరవాలో ఏడాది పాటు నాకు చూపించలేదు. వీపు తిప్పి పరిచేవాడు. నేను పరిస్తే అచ్చు ఒక పక్క పలచన, ఒక పక్క మొద్దు. ఆయన టీకి పోయినప్పుడు పొరలు విప్పి లెక్కపెట్టి కనిపెట్టాను. తెలిశాక కోప్పడతాడనుకుంటే నవ్వాడు. మా పనిలో అందరూ అంతే. కంపోజింగు చేసేవాడు ఏదో ఒకటి దాచేవాడు, బైండింగు చేసేవాడు జిగురులో ఏం కలుపుతాడో చెప్పేవాడు కాదు. అది తప్పని మాకెవ్వరికీ తోచలేదు.

నా మోకాళ్లు అరిగిపోయి నిలబడలేని రోజు వచ్చింది. అప్పటికి మా ఆపీసులో ముందు గదినిండా కంప్యూటర్లు, ఫ్లెక్సీలు. వెనక గదిలో ట్రెడిల్ ఒక్కటే మిగిలింది. బిల్లు పుస్తకాలకు నెంబర్లు వేయడం, చింపుకునేందుకు చిన్న చిన్న చిల్లుల గీత కొట్టడం, పెళ్లికార్డులు మడత పడేట్టు గీత నొక్కడం, ఇవి దానికి తప్ప మరే మిషనుకూ రావు మా దగ్గర. నేర్చుకుంటామని మగపిల్లలెవరూ ముందుకు రాలేదు. బిల్లు పుస్తకాలు కుట్టే ఆమె వచ్చింది. ముప్పై దాటిన మనిషి. ఏసుప్రభువును నమ్మే కుటుంబం. భర్త మార్కెట్ యార్డులో శనక్కాయ మూటలు మోసేవాడు, నడుము విరిగి మంచంలో ఉన్నాడు. ఇల్లు నడిచేది ఆమె చేతుల మీద.

మూడు నెలలు నేర్పాను. నిజం చెబుతున్నాను, అట్లాంటి చెయ్యి నేను చూడలేదు. తడబాటు లేదు, తొందర లేదు. నాకు ఐదేళ్లు పట్టింది ఆమెకు రెండో నెలలో వచ్చేసింది. ప్రెస్సు సావుకారి ఒకరోజు చూసి, "ఏమప్పా, నీకంటే బాగానే పెడ్తాండాదే!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది.

ఆ మిషనుకు నూనె పోయాల్సిన బెజ్జాలు పదకొండు. తొమ్మిది ఆమెకు చూపించాను. మిగిలిన రెండు వెనక వైపు, కింద ఉంటాయి. కాగితం పలక ఊగే లావుపాటి కడ్డీకి అటు ఒకటి, ఇటు ఒకటి. గొంతుక్కూర్చుని తల వంచితే తప్ప కనబడవు. ఆఖరి వారం నేను ఆ రెండు బెజ్జాల మీద కుంకుమ అద్ది ఆమెకు చూపించాను. "ఇవి దేవుని బొట్లమ్మా. శుక్రవారం శుక్రవారం కుంకుమ పెట్టు. చాలు. వీటి జోలికి మాత్రం పోవద్దు" అన్నాను.

నా లెక్క ఏమిటంటే, రెండు నెలల్లో మిషను కిర్రుమంటుంది. పరుగెత్తి నాకు ఫోను చేస్తారు. నేను పోయి, అందరినీ బయటికి పంపి, రెండు చుక్కలు పోసి వస్తాను. "ఆయన చెయ్యి పడితే గానీ దారికి రాలేదు" అనుకుంటారు. అంతకంటే దురాశ ఏమీ లేదు.

రెండు నెలలు పోయాయి. ఫోను రాలేదు. ఆ మనిషి మిగతా తొమ్మిదింట్లో ఎంత శ్రద్ధగా పోసిందో, కారి కారి కొంత అక్కడికీ చేరింది కాబోలు. ఈలోగా నేను యాడికి అనే మా ఊరికి వచ్చేశాను. మా ఇంటావిడకు కంటి ఆపరేషను, నాకు మోకాలి మందులు. ఏడాది గడిచింది, రెండేళ్లు గడిచాయి. ఆ సంగతి మరిచిపోయాను. పెళ్లికార్డుల మీద ముప్పై ఏళ్ల కిందటి ముహూర్తాలు కూడా చెప్పగలవాడిని, నేను చేసిన ఈ పని మాత్రం మరిచిపోయాను. నమ్మితే నమ్మండి.

ఈ ఎండాకాలంలో ఆమె ఫోను చేసింది.

"మామా, మిషను పట్టేసింది. చక్రం కదలడం ల్యా. సావుకారి పాత ఇనుమోళ్లకు చెప్పేసినాడు. రేపు సాయంత్రానికి బండి ఎత్తుకపోతాదంట. వస్తావా?"

నా నోట మొదట వచ్చిన మాట వినండి. "నూనె ఏసినావా, ల్యాదా?"

"దినామూ ఏసినా మామా."

"ఏసింటే ఎట్ల పట్టేస్తాది?"

ఫోను పెట్టేసి మా ఇంటావిడతో, "నేనుంటే ఇట్లయ్యేదా!" అన్నాను. గర్వంగానే అన్నాను.

పొద్దున్నే బస్సెక్కి తాడిపత్రి మీదుగా పది గంటలకు చేరాను. వెనక గది గడపలో కాలు పెట్టి నిలుచుండిపోయాను. కాగితాలు పెట్టుకునే చెక్క బల్ల ఊడదీసి గోడకు ఆనించారు. సిరా పూసే గుండ్రటి పళ్లెం నేల మీద వెల్లకిలా పడేశారు. పక్కనే సమ్మెట. బయట బండి నీడలో ఇనుము కొనేవాళ్లు ఇద్దరు బీడీలు తాగుతున్నారు. నలభై ఏళ్లు నేను రోజూ తుడిచిన మిషను. ముక్కలుగా పగలగొడితే తప్ప గుమ్మం దాటదట. అక్కడే కాగితాల కట్ట మీద కూలబడ్డాను.

ముందు గదిలో ఫ్లెక్సీలు వేసే సావుకారి బావమరిది తొంగిచూశాడు. ఆ గది కూడా తనకు వస్తుందని ఎప్పటినుంచో కాచుకున్నవాడు.

"వచ్చినాడప్పా డాక్టరు! పోస్టుమార్టం చేసి సర్టిఫికెట్ ఇచ్చి పోతాడు."

ఆమె గోడవారగా నిలబడి ఉంది.

సావుకారి వచ్చాడు. మంచివాడే, విసిగిపోయి ఉన్నాడు. "చూడప్పా. నీ చేతిలో నలభై ఏండ్లు కిర్రుమనకుండా తిరిగింది. ఆమె చేతికిచ్చి మూడేండ్లు గాలా, పట్టేసింది. మూడు గంటల దాకా చూడు. కదిలితే ఉంటాది. కదలకపోతే ఇనుము పోతాది."

"మరి ఈమె?" అన్నాను.

"మిషనే లేకపోతే ఆమెకు ఈడ ఏం పనుండాది? కుట్టు పని గూడా బయట చేయించుకుంటా."

నేనూ లోపల అదే అనుకుంటున్నాను, ఈమె ఎక్కడో అశ్రద్ధ చేసి ఉంటుందని. ఆ పట్టుదలతోనే పని మొదలుపెట్టాను.

ట్రెడిల్ పట్టేస్తే చూసే వరుస ఒకటి ఉంది. ముందు రెండు పలకల మధ్య ఏదైనా పడిందా అని. ఏమీ లేదు. తర్వాత పళ్ల చక్రాల మధ్య. గుడ్డ పెట్టి తుడిచి పన్ను పన్నూ చూశాను, శుభ్రంగా ఉన్నాయి. సిరా రోలర్ల కొక్కేలు, అవీ బాగున్నాయి. ఆ తర్వాత నూనె బెజ్జాలు. ఇక్కడ దొరుకుతుందిలే అనుకుని వేలు పెట్టి చూశాను. ఒకటి, రెండు, మూడు... తొమ్మిదీ తడిగా ఉన్నాయి. ఒక్కదాని మీద కూడా దుమ్ము లేదు. నా రోజుల్లో కూడా అంత శుభ్రంగా ఉండేవి కావు.

నాకు ఏం పాలుపోలేదు. చక్రం అటు జానెడు, ఇటు జానెడు ఆడి ఆగిపోతోంది. అడుగున ఏదైనా విరిగి పడిందేమోనని రెండు పలకల సందులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి తడుముతున్నాను. పొద్దుటి నుంచి కరెంటు లేదు. గదిలో ఉక్క.

ఉన్నట్టుండి ఫ్యాను కదిలింది. ఆ వెంటనే నా చెవి పక్కన మోటారు గీపెట్టి లేచింది.

చెయ్యి లాక్కోవాలని తోచదు, అరవాలని తోచదు. పొద్దున బావమరిది ఇనుమోళ్లకు మిషను చచ్చిందని చూపించడానికి స్విచ్చి వేశాడట. కరెంటు పోయింది, స్విచ్చి అట్లాగే ఉండిపోయింది. పట్టేసిన మిషనైనా సరే, మోటారు ఒక్క తోపు తోస్తే పలక మూసుకుంటుంది. ఒక్క తోపు చాలు.

పలక మూసుకోలేదు.

ఆమె పరుగున వెళ్లి స్విచ్చి ఆపింది. అప్పుడు చూశాను. మోటారుకూ చక్రానికీ మధ్య ఉండాల్సిన బెల్టు లేదు. చుట్ట చుట్టి గోడ మేకుకు తగిలించి ఉంది.

"బెల్టు ఎవురు తీసినారు?" అన్నాను.

"నేనే మామా. లోపల చెయ్యి పెట్టేముందర బెల్టు తియ్యల్ల అని నువ్వే చెప్పినావు గదా. నువ్వు వస్తాండావని పొద్దున్నే తీసి పెట్టినా."

చెప్పింది నేను. మరిచింది కూడా నేనే. ఇదిగో, ఈ చెయ్యి చూడండి. ఐదు వేళ్లూ ఉన్నాయి.

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, తనను తాను సమర్థించుకుంటున్నట్టు మెల్లగా చెప్పింది.

"నువ్వు చెప్పింది ఒక్కటి గూడా తప్పలే మామా. పొద్దున, మధ్యాన్నం నూనె. సాయంత్రం సీసం కడిగేది. శుక్రవారం కుంకుమ. మా ఇంట్లో కుంకుమ ఉండదు, పక్కింటి అక్కను అడిగి పొట్లం కట్టుకొని వస్తా. ప్రార్థనకు పోయే మనిషివి నీకెందుకే అంటాది. మా మామ చెప్పినాడు, నేను పెట్టల్ల అంటా."

చెంబు కింద పెట్టాను.

మిషను వెనక్కి పోయాను. మోకాళ్లు వంగవు. నేల మీద పక్కకు ఒరిగి, తల కింద పెట్టి చూశాను. రెండు బొట్లు. బొట్లు కావవి, శనగ గింజంత ఎర్రటి బుడిపెలు. మూడేళ్ల శుక్రవారాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, నూనె జిడ్డూ కాగితం దుమ్మూ కలిసి లక్కలా గట్టిపడ్డాయి. ఒక చుక్క నూనె వేసి చూశాను. పైనే నిలబడింది. లోపలికి దిగలేదు.

నా మాట మీద ఆ మనిషి, తన ఇంట్లో లేని కుంకుమ అడిగి తెచ్చి, వారం వారం నేను దాచిన బెజ్జాలను తన వేలితోనే పూడ్చింది. నేల చల్లగా ఉంది. లేవాలనిపించలేదు.

"ఏమైనా దొరికిందా మామా?" అంది పైనుంచి.

"పిన్నీసు ఇయ్యి" అన్నాను.

కొంగుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. అది వంగిపోయింది. సైకిలు స్పోకు తెప్పించి తవ్వాను. ఎర్రటి పెచ్చులు రాలుతుంటే ఆమె పక్కనే గొంతుక్కూర్చుని చూస్తోంది. పెచ్చుల కింద నల్లగా బెజ్జం కనబడింది. ఆమె దాని వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ చూపుకు నేను స్పోకు పని చూసుకున్నాను. ఆమె లేచిపోయి కిరసనాయిలు సీసా తెచ్చి పక్కన పెట్టింది.

కిరసనాయిలు పోశాం. వేడినీళ్లలో గుడ్డ ముంచి కడ్డీకి చుట్టాం. మళ్లీ పోశాం. చక్రం పట్టుకుని అటు ఇటు ఆడించాం. తొందరపడి గుంజితే కడ్డీ గీరుకుపోతుంది, ఊయల ఊపినట్టు ఊపాలి. జానెడు ఆడే చక్రం మూరెడు ఆడింది. కడ్డీ చివరల నుంచి ఎండిన నెత్తురు రంగులో జిడ్డు కారడం మొదలైంది. రెండున్నర దాటాక ఆమె రెండు చేతులతో చక్రాన్ని నెట్టింది. పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. రెండు పలకలూ కలిసి విడిపోయాయి. నాకు బాగా తెలిసిన చప్పుడు.

ఆ చప్పుడుకు సావుకారి వచ్చాడు, బావమరిది వచ్చాడు, ఇనుమోళ్లు కూడా గుమ్మం దాకా వచ్చారు.

"తిరిగిందే! ఏమైనింది అప్పా దీనికి?" అన్నాడు సావుకారి.

అందరూ నా మొహమే చూస్తున్నారు. నాకు అరవై ఎనిమిదేళ్లు. ఆ ఆపీసులో నా మాట చెల్లని రోజు లేదు. నేను ఏమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

"పాత ఇనుము సావుకారీ. వయసైపోయింది. దుమ్ము పట్టింది, అంతే" అన్నాను.

బావమరిది అందుకున్నాడు. "ఈయనకు నలభై ఏండ్లు పట్టని దుమ్ము ఈమెకే పట్టిందా బావా? చేతకాని చేతిలో పెడితే ఇంగో నెలకు మళ్లీ పట్టేస్తాది. ఊరికే ఎందుకు, ఎత్తుకపోనీ."

సావుకారి తల గోక్కున్నాడు. "అదీ నిజమే. అప్పా, నువ్వు వచ్చి చేస్తానంటే చెప్పు, ఉంచుతా. ఆమె చేతికైతే నాకు నమ్మకం ల్యా."

చూశారా? నేను మూడేళ్ల కిందట కోరుకున్న మాట, కోరుకున్నది కోరుకున్నట్టే వచ్చింది. నేను లేకపోతే మిషను నడవదని అందరి ముందరా అన్నాడు. ఆమె తల వంచుకుని, ఊడదీసిన చెక్క బల్ల మీది దుమ్ము కొంగుతో తుడుస్తోంది. ఎందుకు తుడుస్తోందో ఆమెకే తెలియదు.

"సావుకారీ," అన్నాను, "దుమ్ము కాదు. ఈడ రెండు నూనె బెజ్జాలుండాయి. ఆమెకు నేను చెప్పలా. దేవుని బొట్లని అబద్ధం చెప్పి మూయించినా. మిషను పట్టేయల్ల, మీరు నా కాడికి రావల్ల అని. ఆమె తప్పు ఏమీ ల్యా. అంతా నాదే."

సావుకారి నన్ను ఎప్పుడూ చూడనివాడిలా చూశాడు.

"నువ్వా?" అన్నాడు. "మా నాయన నిన్ను ఇంట్లో మనిషి అనేటోడు గదప్పా!"

ఆ ఒక్క మాటే. తిట్టి ఉంటే బాగుండేది. గుమ్మంలో నిలబడినవాళ్లకు చేత్తో సైగ చేశాడు, పొమ్మని. బండి ఖాళీగా కదిలిన చప్పుడు వినబడింది. ఆయన ముందు గదిలోకి వెళ్తూ ఆమెతో, "రేపు నెంబర్ల పని ఉండాది, బల్ల బిగించుకో" అన్నాడు.

గదిలో ఇద్దరం మిగిలాం. క్షమించమని అడగాలి. మా తరం మగవాళ్లకు ఆ మాట నోరు తిరగదు. పళ్లెం ఎత్తి ఇస్తే ఆమె బిగించింది. బల్ల పట్టుకుంటే మరలు తిప్పింది. అన్నీ అయ్యాక నూనె డబ్బా చేతిలోకి తీసుకుని నా ఎదురుగా నిలబడింది.

"ఇంగా ఎన్ని దాచినావు మామా?"

"ఏమీ ల్యాదమ్మా."

"ఇట్ల కాదు. చూపించు. ఒగటి నుంచి లెక్కపెట్టు."

నమ్మలేదు. నమ్మకపోవడమే న్యాయం. ఒకటి నుంచి మొదలుపెట్టాను. నేను వేలు పెట్టిన చోటల్లా ఆమె ఒక చుక్క పోసి, తన వేలు పెట్టి చూసుకుంది. పది, పదకొండు దగ్గర ఇద్దరం నేల మీద కూర్చున్నాం. తర్వాత ఆమె పెన్సిలు తీసి గోడ మీద మిషను బొమ్మ గీసింది. వంకరగానే ఉంది గానీ పదకొండు చుక్కలూ ఉన్నాయి. పక్కన పెద్ద అక్షరాలతో రాసింది: "వీటన్నిట్లో నూనె పోయవలెను."

"ఎవురికమ్మా ఇది? నీకు తెలుసు గదా" అన్నాను.

"నా తర్వాత వచ్చేటోళ్లకు" అంది.

ఉస్తాదు నుంచి నాకూ, నా నుంచి ఆమెకూ వచ్చిన ఆచారం ఆ గోడ దగ్గర తెగిపోయింది. మాకెవ్వరికీ తోచని పని, చేయడానికి ఒక పెన్సిలు పట్టింది.

నన్ను బస్టాండు దాకా ఆమే దిగబెట్టింది. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరకొచ్చి, "అత్తకు కన్ను బాగుందా?" అని అడిగింది. బాగుందన్నాను.

సరే, లేవండి, అన్నాల వేళయింది. మీ ఇంటి నూనె గిన్నె ఎండకుండా ఉండాలి. మీ తలుపు బందు కిర్రుమనకుండా ఉండాలి. మీ ఇంట్లో తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు పదకొండుకు పదకొండూ చెప్పాలి. మీరు ఏ సందులో చెయ్యి పెట్టినా, మీకంటే ముందు బెల్టు తీసి పెట్టే మనిషి ఒకరు మీ ఇంట ఉండాలి. చల్లగా ఉండండి.